తుపాకీ తోమబోయి చేపలు తోమాను

ముందే చెప్తున్నా, నా చేతులు ఎవరూ వాసన చూడకండి. నిమ్మచెక్క అయింది, శనగపిండి అయింది, మా ఆయన షేవింగ్ క్రీమ్ కూడా అయింది. ఇంకా పోలేదు! ఏం వాసనంటారా? అదే చెప్పబోతున్నా, ఆ టీ ఇటివ్వండి. మొన్న పొద్దున బాపట్లలో పిస్టల్ శుభ్రం చేయడానికి కూర్చున్నదాన్ని, సాయంత్రానికి తెనాలిలో ముక్కూ మొహం తెలియని వాళ్ళ ఎంగేజ్‌మెంట్‌లో, యూనిఫాం మీదే, పెరట్లో పీటేసుకుని పండుగప్పలు తోముతున్నా! నమ్మరు కదా? నాకే నమ్మకం కుదరట్లేదు.

మీకు తెలుసుగా, మా పోలీసులకి ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసు ఉంటుంది. ఎప్పుడూ మా కానిస్టేబుళ్ళకి రైఫిలే ఇస్తారు. ఈసారి ఆడవాళ్ళకి పిస్టల్ కూడా నేర్పుతాం అన్నారు. బాపట్ల అవతల, సముద్రం గాలి తగిలే చోట, మట్టికట్ట కట్టి బొమ్మలు నిలబెట్టారు. నా వంతొచ్చింది. ఊపిరి బిగపట్టి కాల్చాను చూడండి... బొమ్మకి సరిగ్గా గుండెకాయ మీద! ఇంకోటి, దాని పక్కనే! మా ఎస్సై గారు, కొత్తగా వచ్చిన కుర్రాయన, కళ్ళద్దాలు తీసి మరీ చూశారు.

"ఎస్తేరు గారూ, ఇంతకాలం ఈ టాలెంట్ ఎక్కడ దాచారండీ?" అన్నారు.

అంతే. నేను నేల మీద లేను. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, మా అక్కకి చెప్పాను, వాటర్ ట్యాంకర్ డ్రైవర్ కనపడితే అతనికీ చెప్పాను. ఆ గాలి తలకెక్కకుండా ఉంటే ఈ కథే లేదు.

కాల్చడం అయిపోయింది. తర్వాత ఏముంటుంది? కడగడం! పెళ్ళిభోజనం అందరూ తింటారు, గిన్నెలు తోమడానికి ఎవరుంటారు చెప్పండి? ఇదీ అంతే. కాల్చేటప్పుడు క్యూ కట్టినోళ్ళు, శుభ్రం చేయాలనగానే ఒకరికి నడుం నొప్పి, ఒకరికి ఫోను, ఒకరికి బాత్రూం. ఎస్సై గారికి బాపట్లలో మీటింగుందని వెళ్ళిపోయారు. పోతూ పోతూ, "నా పిస్టల్ కూడా క్లీన్ చేసి పెట్టండి. సాయంత్రం తెనాలిలో బందోబస్తు ఉంది, అక్కడే తీసుకుంటాను" అన్నారు.

అక్కడ రోడ్డు పక్కన ఖాళీ షెడ్డొకటుంది. దాని వరండాలో దుప్పటి పరిచి పిస్టళ్ళన్నీ వరసగా పెట్టారు సాంబశివరావు బాబాయ్. ఈయన మా హెడ్ కానిస్టేబుల్, ఆయుధాల గది తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. వచ్చే ఏడాది రిటైర్మెంట్. ఆయనకి ఆ పిస్టళ్ళంటే మనవల కింద లెక్క.

"సముద్రపు గాలమ్మాయ్ ఇది," అన్నారు. "ఇవాళ బద్ధకిస్తే రేపటికి తుప్పు. తిన్న నోరు కడుక్కోవా? ఇదీ అంతే."

నేను, మా భాను కూర్చున్నాం. భాను మొన్న మొన్న చేరిన పిల్ల, నన్ను అక్కా అక్కా అని తిరుగుతుంటుంది. ముందు లోపల తూటా లేదని బాబాయ్ చూశారు, నేను చూశాను, మళ్ళీ భాను చూసింది. తర్వాత విప్పడం. పైన జారే ఇనుప మూత, గొట్టం, దాని కింద స్ప్రింగు. గొట్టంలోంచి గుడ్డముక్క కట్టిన తాడు లాగుతుంటే, తెల్లగా వెళ్ళిన గుడ్డ పొయ్యి దగ్గర మసిగుడ్డలా వస్తుంది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ మసి. చేతులు నల్లగా, ముక్కు మీద దురద, గోక్కుంటే ముక్కు కూడా నలుపు!

అప్పుడొచ్చింది చేపల ఆటో. వెనకాల ట్రేలు పేర్చి, మీద ఐసు పోసి, వల కప్పి ఉంది. ముందు సీట్లోంచి నాగేంద్రమ్మ దిగింది. అడవులదీవి ఆవిడ, పొద్దున్నే బాపట్లలో చేపలమ్ముకుని పోతూ మా వాళ్ళ ఖాకీ బట్టలు చూసి ఆగింది.

"సార్లూ, కానాగంతలున్నాయి, రొయ్యలున్నాయి, ఏం కావాలండి?"

మా వాళ్ళు ఎగబడ్డారు. నడుం నొప్పిగాళ్ళు కూడా లేచొచ్చారు! ఎవరో మూత తీసి ఉన్న నీలం పెట్టె చూపించి పండుగప్ప అడిగితే, "ఆ పెట్టె మాత్రం మీకు కాదు బాబూ, దానికి రేపల్లెలో ఆర్డరుంది. ఐసు సర్దుకుందామని మూత తీశాను," అంది.

ఆ బేరం అటు నడుస్తుంటే ఇటు నా పిచ్చి మొదలైంది. నేను అప్పటికి రెండు పిస్టళ్ళు చకచకా విప్పి, తుడిచి, బిగించేశాను. భాను కళ్ళింత చేసుకుని చూస్తోంది.

"అక్కా, నీకు ఎంత స్పీడక్కా!"

"స్పీడేంటి, కళ్ళు మూసుకుని బిగిస్తా!" అన్నాను.

అనేశాను! నోరు కదా, అనేస్తుంది. భాను వెంటనే ఫోన్ తీసింది. "బిగించక్కా, వీడియో తీస్తా!"

బాబాయ్ కేకేశారు, "ఏయ్, ఆటలొద్దమ్మాయ్! అది ఎస్సై గారిది!"

"ఒక్క నిమిషం బాబాయ్," అని కళ్ళు మూసేసుకున్నాను. గొట్టం పెట్టాను. పెట్టాను కదా, స్ప్రింగు నొక్కాను. ఆ స్ప్రింగు మామూలుది కాదండోయ్! వేలెడు లేదు గానీ, దాని పొగరు మా అత్తగారి పొగరంత. నొక్కి పట్టి లోపలికి తోయాలి. నా వేళ్ళకేమో ఆయిల్. తోస్తున్నా... తోస్తున్నా...

టప్!

నా చెవి పక్కనుంచి ఏదో జుయ్యిమని పోయింది. ఎక్కడో ఒక మెత్తటి చప్పుడు. కళ్ళు తెరిచాను. చేతిలో గొట్టముంది, మూతుంది. స్ప్రింగు లేదు.

మొదట అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వనిది బాబాయ్ ఒక్కరే. ఆయన మొహం చూసి ఒక్కొక్కరూ నవ్వు ఆపేశారు.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా, "సర్వీసంతా ఒక్క సూది పోగొట్టలేదు నేను."

మీరనుకోవచ్చు, స్ప్రింగే కదా, కొట్లో కొనొచ్చుగా అని. అది సీలింగ్ ఫ్యాను కాదండీ! సర్కారు తుపాకీలో చిన్న ముక్క పోయినా ఎంక్వైరీ. నా ఉద్యోగం సరే, నా నోటి దూలకి నేను అనుభవించాలి. ఆయనేం చేశారు? రిటైరయ్యే ముందు సస్పెన్షనా?

ఇంక చూడండి, మా పోలీసులంతా మోకాళ్ళ మీద! ఇసక దువ్వేస్తున్నాం. నాగేంద్రమ్మ ఆటో ఎప్పుడు కదిలిందో కూడా మేం చూడలేదు. రోడ్డున పోయే వాళ్ళు ఆగారు.

"ఏం పోయిందమ్మా? గొలుసా?"

ఏం చెప్తాం? తుపాకీ ముక్క పోయిందంటామా? "ఆ... అలాంటిదే," అన్నాను.

అంతే, గొలుసంట గొలుసంట అని వాళ్ళూ దిగారు. ఒక పెద్దావిడ చీర బొడ్లో దోపుకుని నా పక్కనే కూర్చుని వెతుకుతూ, "ఎంతలో చేయించావు తల్లీ? మీ ఆయనకి తెలుసా?" అని ఒకటే ఓదార్పు. ఇసకలో సీసా మూతలు దొరికాయి, ఎవరిదో హెయిర్ పిన్ను దొరికింది, చెప్పు తెగిన ముక్క దొరికింది. స్ప్రింగు లేదు!

నాకు ఏడుపొచ్చేస్తోంది. అప్పుడు భాను అరిచింది, "అక్కా! వీడియో!"

అవును కదా! ఆ మాయదారి వీడియో ఉందిగా! ముగ్గురం తలలు ఆనించి చూశాం. నేను కళ్ళు మూసుకుని గొప్పగా నవ్వుతున్నాను, చూసుకుంటే నాకే ఒళ్ళు మండింది. భాను దాన్ని స్లోమోషన్‌లో పెట్టింది. చేతిలోంచి స్ప్రింగు లేచింది. మెలికలు తిరుగుతూ, ఎండకి తళుక్కుమంటూ, నా భుజం మీదుగా, నెమ్మదిగా, హాయిగా ఎగురుకుంటూ పోయి... మూత తీసిన నీలం పెట్టెలో, పండుగప్పల మధ్య ఐసులో పడింది!

"రేపల్లె ఆర్డరు!" అని ముగ్గురం ఒకేసారి అన్నాం.

ఆవిడ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంటుంది? చేపలు కొన్నారు గానీ, నంబరు అడగాలని ఎవరికి తోస్తుంది? భాను బండి తీసింది, నేను వెనకెక్కాను. బాబాయ్ మిగతా పిస్టల్‌ని పసిబిడ్డలా గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

"వ్యాన్‌ని ఎంత నెమ్మదిగా తోలించగలనో అంత నెమ్మదిగా తెనాలి తీసుకొస్తా. ఎస్సై గారొచ్చేలోపు స్ప్రింగు తెస్తే సరేసరి. లేకపోతే నేనే ఒప్పుకుంటా," అన్నారు.

"మీరెందుకు ఒప్పుకోవడం బాబాయ్? చేసింది నేను!"

"తాళాలు నావి కదమ్మా," అన్నారు.

ఆ మాటకి నాకు ఎక్కడ లేని ఊపొచ్చింది. "భానూ, తోలవే!" అన్నాను.

తోలింది చూడండీ! కర్లపాలెం ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో! చందోలు దగ్గర గేదెలు అడ్డమొస్తే, సైరన్ లేదుగా, నేనే నోటితో కుయ్ కుయ్‌మని అరిచాను. గేదెలు కదల్లేదు గానీ కాచేవాడు హడిలిపోయి దారిచ్చాడు. దారిలో కనపడ్డ ప్రతి చేపల ఆటోనీ ఆపాం. ఒకాయన, "లైసెన్సు ఇంటి దగ్గరుంది మేడం," అంటూ దణ్ణం పెట్టేశాడు. "లైసెన్సు కాదయ్యా, నీలం పెట్టె ఉందా?" అంటే అతనికి మాకేదో అయిందనిపించినట్టుంది, అలాగే చూస్తుండిపోయాడు.

రేపల్లె చేరాం. బస్టాండు దాటాక నాగేంద్రమ్మ ఆటో కనపడింది! ఆవిడ రోడ్డు పక్కన మిగిలిన చేపలు పరిచి అమ్ముతోంది. చుట్టూ జనం. ఇక్కడ నేను నెమ్మదిగా దిగి, పక్కకి పిలిచి, గుట్టుగా అడగాలి కదా? నేను ఆ పనే చేద్దామనుకున్నాను. మా భాను ఉందే! బండి స్టాండు కూడా వేయకుండా ఒకటే కేక:

"ఆగండి! ఎవరూ ఆ చేపలు కొనొద్దు!"

ఇంకేముంది! పోలీసులు పరుగెత్తుకొచ్చి చేపలు కొనొద్దంటే జనం ఏమనుకుంటారు? సంచుల్లో వేసుకున్నవి కూడా తిరిగి ట్రేలో పడేశారు. "మందు కొట్టారంట," అని ఒకడు. "చచ్చిన చేపలంట," అని ఇంకొకడు. బతికున్న చేపలు ఎవడు కొంటాడ్రా బాబూ!

నాగేంద్రమ్మ లేచి నిలబడింది. చీర కొంగు బిగించింది. నేను ఇన్నేళ్ళ సర్వీసులో రౌడీల్ని చూశాను, తాగినోళ్ళని చూశాను. అలా భయపడింది మాత్రం ఆ రోజే.

"ఏంటమ్మా? నా చేపలకేమైంది? తెల్లారకముందు సముద్రంలోంచి వచ్చిన చేపలు! నీ చేతులు చూసుకో ముందు, బొగ్గు కొట్టోళ్ళ చేతుల్లాగా! నా చేపలకి పేరు పెడతావా?"

"అది కాదు పిన్నీ, నీ చేపలు బంగారం. ఇందాక మా దగ్గర ఆగావు చూడు, అప్పుడు నీ నీలం పెట్టెలో మాదొకటి పడింది."

"ఏం పడింది?"

అందరూ చెవులు రిక్కించారు. "స్ప్రింగు."

"ఏం స్ప్రింగు?"

"పెన్నులో స్ప్రింగు," అన్నాను.

నాగేంద్రమ్మ నన్ను కిందా మీదా చూసింది. "బాపట్ల నుంచి రేపల్లె దాకా... పెన్నులో స్ప్రింగు కోసం... ఇద్దరు పోలీసులు?"

"సెంటిమెంటు పిన్నీ," అంది భాను. అంత అబద్ధం దానికి అప్పటికప్పుడు ఎలా తోచిందో!

జనం మెల్లగా జారుకుంటున్నారు. నాగేంద్రమ్మ గొంతు ఒక్కసారి పడిపోయింది. "మీకు పెన్ను కావాలి సరే. నా సరుకు ఇప్పుడు ఎవరు కొంటారమ్మా?" అంది.

పెట్టె సంగతి తర్వాత అనుకుని, ఆటో ఫుట్‌బోర్డు మీదికెక్కాను.

"అమ్మా, అయ్యా, వినండి! ఈ చేపలకేమీ కాలేదు. పొరపాటు మాదే. నమ్మకం లేకపోతే చూడండి, మా ఇంటికి నేనే పట్టుకెళ్తున్నా!" అని ఒక సంచి నిండా కానాగంతలు తీసుకున్నాను. భాను చేత రొయ్యలు కొనిపించాను. అది రొయ్యలు తినదు, ఒళ్ళంతా దద్దుర్లొస్తాయి, అయినా కొంది పాపం. మమ్మల్ని చూసి ఒకావిడ వెనక్కొచ్చింది. తర్వాత ఇంకొకావిడ. పోలీసులే కొంటున్నారంటే మంచివే అయ్యుంటాయని మళ్ళీ గుంపు చేరింది. ఇందాకటికంటే ఎక్కువే!

నాగేంద్రమ్మ మొహం తేటపడింది. "నీలం పెట్టె ఇప్పుడే పోయిందమ్మాయ్. తెనాలి వాళ్ళు ఇక్కడికే వచ్చి కార్లో వేసుకుపోయారు. చెంచుపేటలో విమలమ్మ గారని, వాళ్ళ పిల్లకి సాయంత్రం ఎంగేజ్‌మెంటంట," అంది. "పెన్ను దొరికితే చెప్పు. నాకూ దిగులుగా ఉంది," అని నంబరు కూడా ఇచ్చింది.

మళ్ళీ బండి! భట్టిప్రోలు దాటాం. కానాగంతల సంచిలోంచి ఐసు కరిగి నా బూటులోకి ఒకటే ధార. బాబాయ్ ఫోన్.

"అమ్మాయ్, పొన్నూరులో టీ తాగించాను. తర్వాత టైరు గాలి చూపించాను. ఇప్పుడు చుండూరులో మళ్ళీ టీ తాగుతున్నాం. ఇంకొకటి తాగితే నాకు షుగర్ తన్నుకొస్తుంది. ఎక్కడున్నారు?"

"వేమూరు గేటు దగ్గర బాబాయ్. రైలు గేటు వేశారు."

"రైలొస్తోందా?"

"గేటయితే వేశారు!"

ఆ రైలు ఎంతకీ రాదు! నాకు కాలు నిలవట్లేదు. పక్కన స్కూటరాయన, "అర్జెంటు కేసా మేడం?" అని అడిగాడు. అవునన్నాను. "ఏం కేసు?" అన్నాడు. కానాగంతల సంచి వైపు చూసి, ఇంకేం అడగకుండా మొహం తిప్పేసుకున్నాడు.

చెంచుపేటలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. షామియానా, పూల ఆర్చి, లోపల మైకు టెస్టింగు. బండి ఆపేసరికి మగపెళ్ళివారి కార్లు కూడా అప్పుడే దిగుతున్నాయి. పెళ్ళికొడుకు తండ్రి తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాలో, చేతిలో పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, మా ఖాకీ చూసి అక్కడే ఆగిపోయారు.

"పోలీసులా? ఏమైంది? ఎవరి మీద కేసు?"

మైకు ఆగిపోయింది. పెళ్ళికొడుకు నిలబడ్డచోటే చెమటలు కారుస్తున్నాడు. లోపలి నుంచి విమలమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. పట్టుచీర, తలలో పూలు, ప్రాణం మాత్రం మొహంలో లేదు. నన్ను పక్కకి లాగి, "ఏమైనా ఉంటే రేపు రండమ్మా. దేవుడి మీద ఒట్టు, నేనే స్టేషన్‌కి వస్తా. ఇవాళ మాత్రం మా పిల్ల బతుకు పాడు చేయకండి," అన్నారు.

అయ్యో దేవా! నా స్ప్రింగు కోసం ఒక పెళ్ళి పోయేట్టుంది! ఆవిడ చెవిలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచడానికి ఇంక నా దగ్గర పరువు మిగల్లేదు. "అక్కా, నా తుపాకీ స్ప్రింగు మీ చేపల్లో ఉంది. అది తీసుకుని పోతాను. ఉద్యోగం పోతుందక్కా."

ఆవిడ ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసింది. మనిషంటే ఆవిడండీ! వెంటనే వెనక్కి తిరిగి, మొహం నిండా నవ్వు పూసుకుని, గొంతెత్తి:

"మా చిన్నాన్న కూతురు అన్నయ్య గారూ! డ్యూటీలోంచి అలాగే వచ్చేసింది పిచ్చిది, బట్టలు కూడా మార్చుకోకుండా! చేపలు శుభ్రం చేయడంలో దీన్ని మించినోళ్ళు మా వంశంలో లేరు. అందుకే పిలిపించాను!"

"ఓహో!" అన్నారు పెళ్ళికొడుకు తండ్రి, గుండె మీద చెయ్యేసుకుని. మైకు మళ్ళీ మొదలైంది. నేను పెరట్లోకి నడిచాను. ఇంకేం చేస్తాను?

పెరట్లో వంటవాళ్ళు. నీలం పెట్టె అలాగే ఉంది, ఇంకా ముట్టుకోలేదు! దాన్ని చూసి కన్నబిడ్డని చూసినట్టు కళ్ళు చెమర్చాయి. పీటేసుకుని కూర్చుని చేయి లోపల పెట్టబోయానో లేదో, మగపెళ్ళివారి మేనత్తొకావిడ కుర్చీ లాక్కుని నా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వంశంలోనే లేరంటగా! మేమూ చూస్తాం, తోమమ్మా!"

ఇంక తప్పుతుందా? కత్తిపీట ముందేసుకున్నాను. నిజం చెప్పాలంటే మా ఇంట్లో చేపలు తోమేది మా ఆయన. నాకు కొంచెం జిగురంటేనే చిరాకు. అయినా ఉప్పేసి రుద్దాను, పొలుసు గీకాను. ఒకటి పెట్టెలోంచి తీయడం, మొప్పల్లో వేలు పెట్టి చూడడం, లేదు. ఇంకోటి, లేదు. భాను పక్కన కూర్చుని ఐసు గుప్పిళ్ళతో తీసి పిండి చూస్తోంది. మేనత్త గారు అడుగుతూనే ఉన్నారు.

"ముందు మొప్పల్లో వేలు పెడుతున్నావేంటమ్మా?"

"అది మా వైపు పద్ధతండి."

"చేతులు అంత నల్లగా ఉన్నాయేంటి?"

"గోరింటాకండి. ఎక్కువ పండింది."

అన్నిట్లోకీ పెద్దది, ఇంత లావు పండుగప్ప, దాని మొప్ప కింద వేలు పెట్టాను. చల్లగా, గట్టిగా, చుట్టలు చుట్టలుగా తగిలింది! ఒళ్ళు ఝల్లుమంది. అరవబోయి, అరవకూడదని గుర్తొచ్చి, "హ్‌హ్‌హ్" అని ఏదో శబ్దం చేశాను.

"ముల్లు గుచ్చుకుందా తల్లీ?" అన్నారు మేనత్త గారు.

"అవునండి," అని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ స్ప్రింగు చొక్కా జేబులోకి జార్చేశాను. లేద్దామనుకుంటే, ఆవిడ కదిలితేనా? "బాగా తోముతున్నావు, అన్నీ నువ్వే కానిచ్చేయ్. మా వాళ్ళకి కంచంలో పొలుసు తగిలితే గిట్టదు," అన్నారు! దొరికాక కూడా పెట్టె మొత్తం తోమానండీ! నా ఉద్యోగం జేబులో పెట్టుకుని, నవ్వుతూ తోమాను. ఆఖరికి ఆవిడ ముచ్చటపడి, "నీకు పెళ్ళయిందా? మా చిన్న మరిదికి చూస్తున్నాం," అంది. మా పెద్దాడు టెన్త్ అని చెప్తే చాలా బాధపడింది.

మేం తెనాలి పోలీస్ స్టేషన్‌కి చేరేసరికి బాబాయ్ గేటు దగ్గరే తిరుగుతున్నారు. జేబులోంచి తీసి అరచేతిలో పెట్టాను. ఆయన జేబురుమాలుతో మొహం తుడుచుకున్నారు. అప్పుడు వాసన తగిలి, "ఛీ," అన్నారు. కడిగాం, ఆరబెట్టాం, ఆయిల్ రాశాం, మళ్ళీ కడిగాం. బిగిస్తానన్నాను. "నువ్వు గోడ వైపు తిరిగి నిలబడు," అన్నారు బాబాయ్. అలా నిలబడే జరిగిందంతా చెప్పాను. ఆయన బిగించి, ఆడించి చూసి, గోడ వైపే నిలబడ్డ నాతో అన్నారు, "విమలమ్మ గారింటికి ఏదైనా మంచి గిఫ్టు తీసుకెళ్ళు అమ్మాయ్. నా రిటైర్మెంటుకి కూడా ఆవిడని పిలుద్దాం."

మా జీపు రానే వచ్చింది. ఎస్సై గారు పిస్టల్ తీసుకుని, గొట్టంలోంచి వెలుతురుకి చూసి, "అద్దంలా ఉంది! వెరీ గుడ్ ఎస్తేరు గారూ!" అని నడుముకి కట్టుకుని బందోబస్తుకి బయల్దేరారు. వెనక సీట్లో నేను, ఊపిరి పీల్చుకుందామా వద్దా అని.

బందోబస్తు చోట ఆయన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కాసేపటికి ఎక్కడి నుంచో ఒక పిల్లి వచ్చింది. ఆయన చుట్టూ తిరిగి, నడుముకి తల రాసి, అక్కడే కూర్చుంది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత ఒక తల్లి పిల్లి, సంసారంతో సహా. ఎస్సై గారు వాటి తలలు నిమురుతూ, మురిసిపోతూ నా వైపు చూశారు.

"ఎస్తేరు గారూ, ఎప్పుడూ లేదు, ఇవాళ ఈ పిల్లులకి నేనంటే ఎందుకండీ ఇంత ఇష్టం?"

నేను అటెన్షన్‌లో నిలబడి, నల్లటి చేతులు వెనక్కి దాచుకుని, "మీది చాలా మంచి మనసు సార్," అన్నాను.